షాకోపీ, చాస్కా పేర్ల వెనక ఎవరున్నారు? డకోటా, ఒజిబ్వేల గురించి కాస్త పొడుగు జవాబు

మీ ప్రశ్న చదివి ముందు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో దిగిన కొత్తలో నేనూ ఇవే అడిగాను. మీరు రాసింది ఇదీ: షాకోపీలో ఇల్లు కొన్నారు, పక్కనే పెద్ద కాసినో, అది "డకోటా వాళ్లది" అన్నారు, పైన డులూత్ వైపు వెళ్తే "ఒజిబ్వే వాళ్లు" అంటున్నారు, ఇద్దరూ ఒకటేనా, బద్ధశత్రువులట నిజమేనా, పన్నుల్లేకుండా హాయిగా ఉన్నారని ఆఫీసులో ఒకాయన చెప్పాడు, అసలు వాళ్లకి ప్రత్యేక హక్కులెందుకు, "నేషన్" అని ఎందుకంటారు. చివర్లో, వేసవికి అమ్మానాన్న వస్తున్నారు, ఏం చూపించమంటారు అని.

నేను చరిత్ర ప్రొఫెసర్ని కాదండి. పాత భూమి రికార్డులని డిజిటల్ మ్యాపుల్లోకి ఎక్కించే పని చేశాను, చాలా ఏళ్లు. ఇక్కడ ఏ స్థలం కాగితాలైనా వెనక్కి లాగుతూ పోతే చివరికి ఒక ఒప్పందం దగ్గర ఆగుతాయి. మీ ఇంటిది 1851 దగ్గర ఆగుతుంది. అలా చదవడం మొదలుపెట్టినవాడిని, కాబట్టి నా జవాబంతా కాస్త దస్తావేజుల వైపు నుంచే ఉంటుంది.

ముందు సులువైనది. ఇద్దరూ ఇక్కడి ఆదివాసీ జాతులే, కానీ ఒకటి కాదు. భాషలు రెండు వేర్వేరు కుటుంబాలవి. తెలుగుకీ హిందీకీ ఉన్నపాటి దగ్గరతనం కూడా లేదు. డకోటా వాళ్లు "ఓచేతి షాకోవి", అంటే ఏడు మండలి నిప్పులు అనే పెద్ద కూటమిలో తూర్పు వైపు వాళ్లు. పడమటి మైదానాల లకోటా వాళ్లు కూడా అందులోనివాళ్లే. ఒజిబ్వే వాళ్లు తమని తాము అనిషినాబే అంటారు, ఒడావా, పొటవాటమీ వాళ్లు వాళ్ల అన్నదమ్ములు. చిప్పెవా అని బోర్డుల మీద కనిపిస్తే కంగారు పడకండి, ఒజిబ్వే అన్న మాటనే తెల్లవాళ్లు మరోలా విన్నారు, అంతే. "సూ" అనేది డకోటాలు పెట్టుకున్న పేరు కాదు, ఒజిబ్వేలు వాళ్లని పిలిచిన పేరుని ఫ్రెంచివాళ్లు తోక పట్టుకుని లాగితే మిగిలిన ముక్క. అన్నట్టు మన తెలుగులో "రెడ్ ఇండియన్లు" అనే మాట ఇంకా వాడుతున్నారు, దయచేసి పిల్లల ముందు మానేయండి, ఇక్కడ అది తిట్టులా వినిపిస్తుంది.

మిన్నెసోటాలో కేంద్ర ప్రభుత్వం గుర్తించిన నేషన్లు, అంటే సొంత ప్రభుత్వం ఉన్న తెగలు, 11. డకోటావి 4: షాకోపీ మ్డెవాకంటన్, ప్రెయిరీ ఐలాండ్, లోయర్ సూ, అప్పర్ సూ. ఒజిబ్వేవి 7: రెడ్ లేక్, వైట్ ఎర్త్, లీచ్ లేక్, మిల్ లాక్స్, ఫాన్ డు లాక్, బోయిస్ ఫోర్ట్, గ్రాండ్ పోర్టేజ్. మ్యాపు తీసి చూడండి, డకోటావి నాలుగూ దక్షిణాన చిన్న చుక్కల్లా ఉంటాయి. ఒజిబ్వేవి ఉత్తరాన కాస్త పెద్ద ముక్కలు. ఎందుకలా అన్నదే అసలు కథ.

మీరుండే వైపు ఊరి పేర్లలో చాలా డకోటా మాటలే. మిన్నెసోటా అంటే మ్నీ సోటా, మబ్బు నీడ పడ్డట్టుండే నీళ్లు. షాకోపీ అంటే ఆరు, ఒక నాయకుల వంశం పేరు. చాస్కా అంటే ఇంట్లో పుట్టిన పెద్ద కొడుకు, మనం "పెద్దోడు" అన్నట్టే. వినోనా అంటే పెద్ద కూతురు. అటు ఉత్తరాన ఒజిబ్వే పేర్లు: బెమిడ్జీ, మహ్నోమెన్, మిసిసిప్పీ. అవును, మిసిసిప్పీ ఒజిబ్వే మాటే, పెద్ద నది అని. నాకు ఇష్టమైనది రమ్ నది. డకోటాలు దాన్ని పవిత్రమైన నది అనేవాళ్లు, "వకాన్". ఇంగ్లీషులో స్పిరిట్ అంటే ఆత్మా, సారా రెండూ కదా, ఎవడో తమాషా మనిషి దాన్ని సారా వైపు తిప్పేశాడు. అలా ఒక పుణ్యనదికి రమ్ అని పేరు పడింది, ఇప్పటికీ అదే.

ఆ నది పుట్టే మిల్ లాక్స్ సరస్సు దగ్గరే శత్రుత్వం మాటా వస్తుంది. ఇప్పుడక్కడ ఉండేది ఒజిబ్వేలు. కానీ "మ్డెవాకంటన్" అన్న పేరులో ఉన్నది ఆ సరస్సే, పవిత్ర సరస్సు దగ్గరివాళ్లు అని అర్థం. అంటే మీ పక్కింటి కాసినో వాళ్ల పాత ఊరు మిల్ లాక్స్. ఒజిబ్వేల కథ ప్రకారం వాళ్ల పెద్దలు తూర్పు సముద్రం వైపు నుంచి, నీళ్ల మీద తిండి పండే చోటు దొరికేదాకా నడవమని జోస్యం చెబితే తరాల పాటు పడమరకి వచ్చారు. ఆ తిండి మనూమిన్, మనం వైల్డ్ రైస్ అంటున్నది. సుపీరియర్ సరస్సులో మెడలిన్ దీవి వాళ్లకి పెద్ద కేంద్రం. వచ్చింది డకోటాల పక్కకి.

పక్కకి రాగానే కత్తులు దూశారనుకుంటారు అందరూ. కాదు. 1679లో డు లూత్ అనే ఫ్రెంచి ఆయన మధ్యవర్తిగా ఒప్పందం కుదిరింది, డులూత్ ఊరికి ఆయన పేరే, ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు కలిసి వ్యాపారం చేశారు, కలిసి వేటాడారు, పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. ఒజిబ్వేల్లో "డోడెం" అని ఉంటుంది, మన గోత్రం లాంటిదే, తండ్రి నుంచి వస్తుంది, ఒకే డోడెం వాళ్లు పెళ్లి చేసుకోరు. మరి తండ్రి డకోటా అయితే పిల్లలకి ఏ డోడెం? సెయింట్ క్రోయ్ నది వైపు వాళ్లని తోడేలు డోడెంలో వేశారని 19వ శతాబ్దంలో విలియం వారెన్ అనే ఒజిబ్వే చరిత్రకారుడు రాశాడు. గోత్రమే పుట్టేంత వియ్యం అన్నమాట. 1736 ప్రాంతంలో బొచ్చు వ్యాపారం పొత్తులు మారి యుద్ధం మొదలైంది, వందేళ్లకి పైగా అప్పుడప్పుడూ సాగింది, ఇరువైపులా చాలామంది పోయారు, అది అబద్ధం కాదు. కానీ మధ్యలో చలికాలం వేటకి ఒడంబడికలు చేసుకునేవాళ్లు. "ఎప్పటికీ శత్రువులు" అన్న కథ ఎవరికి పనికొచ్చిందో చూడండి.

1825లో ప్రెయిరీ డు షీన్ అనే చోట అమెరికా ప్రభుత్వం పెద్ద సభ పెట్టింది. మీరు కొట్టుకోకుండా మధ్యలో గీత గీస్తాం, ఇటు డకోటా, అటు ఒజిబ్వే, శాంతి కోసం అన్నారు. ఆ గీత వల్ల కొట్లాటలు ఆగలేదు. ఏం జరిగిందంటే, ఏ భూమి ఎవరిదో కాగితం మీదకి వచ్చింది. హద్దులు తేలని పొలం కొనడం కష్టమని మనకి తెలియదా? ముందు అన్నదమ్ముల మధ్య పంపకం చేయించు, తర్వాత ఒక్కొక్కడి దగ్గరా వేరేగా కొను. సరిగ్గా 12 ఏళ్లకి, 1837 జులైలో ఒజిబ్వేల దగ్గర ఒక ముక్క, సెప్టెంబరులో డకోటాల దగ్గర మిసిసిప్పీకి తూర్పున ఉన్నదంతా తీసుకున్నారు. సర్వే వాళ్ల భాషలో చెప్పాలంటే 1825ది శాంతి ఒప్పందం కాదు, హద్దురాళ్లు పాతడం.

దానికంటే ముందుది ఇంకా దారుణం. 1805లో పైక్ అనే సైనికాధికారి రెండు నదులు కలిసే చోట, డకోటాలు తమ పుట్టుక స్థలంగా భావించే బ్డోటే దగ్గర, సుమారు లక్ష ఎకరాలకి సంతకాలు తీసుకున్నాడు. అక్కడున్న ఏడుగురు నాయకుల్లో ఇద్దరే సంతకం పెట్టారు. ధర ఎంతో రాయాల్సిన చోట ఖాళీ! తర్వాత సెనేట్ దాన్లో 2,000 డాలర్లు అని నింపుకుంది. ఇలాంటి ఖాళీ దస్తావేజు మన ఊళ్లో ఎవరైనా తెస్తే రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం కూడా దాటనివ్వరు. ఆ స్థలంలోనే 1819లో కోట కట్టడం మొదలుపెట్టారు, అదే ఫోర్ట్ స్నెల్లింగ్, ఎయిర్‌పోర్టుకి వెళ్తూ రోజూ చూసేది.

ఇప్పుడు మీ "ప్రత్యేక హక్కులు" ప్రశ్న. ఇక్కడే మన వాళ్లు అందరూ తప్పుగా అర్థం చేసుకుంటారు, రిజర్వేషన్ అన్న మాట మనకి ఇంకోలా అలవాటు కాబట్టి. ఇక్కడ రిజర్వేషన్ అంటే కోటా కాదండి, అమ్మేటప్పుడు తన కోసం అట్టిపెట్టుకున్నది. మీ తాతగారు పొలం అమ్మారనుకోండి, కానీ గట్టు మీద తాటిచెట్లు, బావి నీళ్లు మావే అని దస్తావేజులో రాయించారు. కొన్నవాడి మనవడు వచ్చి "నా పొలంలో మీకు ప్రత్యేక హక్కేంటి, ఇదెక్కడి న్యాయం" అంటే ఏమంటారు? కాగితం చూపిస్తారు. 1837లో ఒజిబ్వేలు చేసింది అదే. ఆ చర్చల్లో మాగెగాబో అనే నాయకుడు మ్యాపు పక్కన బల్ల మీద ఒక ఓక్ రెమ్మ పెట్టి, ఈ నేలంతా ఇస్తున్నాం గానీ మాకు బతుకునిచ్చే చెట్టునీ, తాగే ఏటినీ ఇవ్వట్లేదు అన్నాడు. అది ఒప్పందంలో 5వ అధికరణం అయింది: వేట, చేపలు, మనూమిన్ కోసే హక్కు వాళ్లదే. తెల్లవాళ్లకి అప్పుడు కావలసింది పైన్ కలప, చేపల గురించి ఎవడికి పట్టింది!

ఆ తర్వాత 1850లో అధ్యక్షుడు జకరీ టేలర్ ఆ హక్కులు రద్దు, అందరూ పడమరకి వెళ్లండి అని ఆర్డరు వేశాడు. వెళ్లరు కదా, అందుకని వాళ్లకి ఏటా రావలసిన డబ్బు, సరుకులు ఇచ్చే చోటుని విస్కాన్సిన్ వైపు మెడలిన్ దీవి నుంచి మిన్నెసోటాలోని శాండీ లేక్‌కి మార్చారు. చలికాలం ముంచుకొచ్చేదాకా తిప్పితే ఇక్కడే చిక్కుకుపోతారని. వేల మంది అక్టోబరుకల్లా వచ్చి కూర్చున్నారు, ప్రభుత్వ ఏజెంటు సమయానికి రాలేదు, డబ్బు రాలేదు, ఇచ్చిన కాస్త తిండి పాడైపోయినది. అక్కడ 150 మంది దాకా పోయారు, డిసెంబరు మంచులో నడిచి తిరిగి వెళ్తూ ఇంకో 200 మందికి పైగా. ఇది చదివిన రోజు నేను ఆఫీసులో ఇంకేం పని చేయలేకపోయాను. 1852లో బఫెలో అనే ముసలి నాయకుడు, తొంభై దాటిన మనిషి, పడవ ఎక్కి వాషింగ్టన్ దాకా వెళ్లి అధ్యక్షుడు ఫిల్మోర్‌ని కలిసి ఆ ఆర్డరు ఆపించాడు. 1854 ఒప్పందంతో సుపీరియర్ చుట్టూ ఒజిబ్వేల రిజర్వేషన్లు ఏర్పడ్డాయి. ఉత్తరాన వాళ్లు తమ చోట్లలోనే మిగిలి ఉండడానికి ఇదొక పెద్ద కారణం.

1837 కాగితం సంగతి 1999 మార్చిలో సుప్రీంకోర్టులో తేలింది. మిల్ లాక్స్ వాళ్లు గెలిచారు, 5-4 తేడాతో. టేలర్ ఆర్డరుకి చట్టబద్ధత లేదు, 1858లో మిన్నెసోటా రాష్ట్రం అయినంత మాత్రాన పాత హక్కు పోదు అంది కోర్టు. విస్కాన్సిన్‌లో ఇలాంటి తీర్పు 1983లోనే వస్తే, వాళ్లు వసంతకాలంలో చేపలు పట్టడానికి వెళ్లిన రాత్రుల్లో జనం పడవల రేవుల దగ్గర గుమిగూడి రాళ్లు వేశారు, బూతులు తిట్టారు. 1980లలో సంగతండీ, ఎప్పటిదో కాదు.

డకోటాల కథ వేరే దారి పట్టింది, అందుకే మ్యాపులో చుక్కలు. 1851లో ట్రావెర్స్ డి సూ, మెండోటా ఒప్పందాల్లో సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు పోయాయి, మిన్నెసోటా నది వెంట సన్నటి పట్టీ మిగిలింది. సంతకం పెట్టగానే నాయకుల్ని పక్కనున్న పీపా దగ్గరికి తీసుకెళ్లి ఇంకో కాగితం మీద సంతకం పెట్టించారు, ఒప్పందం కాపీయే అనుకున్నారు పాపం. అది వ్యాపారుల బాకీలు వచ్చే డబ్బులోంచి తీర్చేస్తామన్న కాగితం. మన దగ్గర పాలేరు ఖాతా పుస్తకాలు చూసినవాళ్లకి ఈ బాకీలు ఎలా పెరుగుతాయో చెప్పక్కర్లేదు.

ఈ రికార్డులు తిరగేస్తుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అలెగ్జాండర్ రామ్సే 1850లో శాండీ లేక్ వ్యవహారం అప్పుడు టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాకముందు) గవర్నరు, 1851లో డకోటాలతో బేరం ఆడినవాడు, 1862లో రాష్ట్ర గవర్నరు. హెన్రీ సిబ్లీ బొచ్చు వ్యాపారి, 1851 బాకీల డబ్బులో వాటా అందుకున్నవాడు, రాష్ట్రానికి మొదటి గవర్నరు, 1862లో సైన్యాన్ని నడిపినవాడు. సెయింట్ పాల్ ఉన్నది రామ్సే కౌంటీలో. సిబ్లీ పేరుతోనూ ఒక కౌంటీ ఉంది.

1862 ఆగస్టు నాటికి పంటలు పోయి, డబ్బు ఆలస్యమై, గోదాములో తిండి ఉండి కూడా అప్పు ఇచ్చేది లేదనేసరికి డకోటాల్లో కొందరు తిరగబడ్డారు. అందరూ కాదు. నాయకుడు లిటిల్ క్రో, అసలు పేరు టావోయటెడూటా, ఓడిపోతామని తెలిసే ఒప్పుకున్నాడు. 18వ తేదీన యుద్ధం మొదలైతే అదే రోజు ఆలస్యమైన బంగారు నాణేల పెట్టెలు ఫోర్ట్ రిడ్జ్‌లీకి చేరాయి. ఒక్క రోజు! ఆరు వారాల్లో వందల మంది సెటిలర్లు చనిపోయారు, కుటుంబాలకు కుటుంబాలు, ఆ బాధనీ తక్కువ చేసి చెప్పను. తర్వాత సైనిక విచారణలు: 392 మందిని విచారిస్తే 303 మందికి ఉరి, లాయరు లేడు, కొన్ని కేసులు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. లింకన్ కాగితాలు తెప్పించుకుని చాలామటుకు కొట్టేశాడు. చివరికి డిసెంబరు 26న మాంకేటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు, అమెరికా చరిత్రలో ఒకేసారి జరిగిన అతిపెద్ద ఉరి అదే.

ఆ 38లో ఒకాయనకి లింకన్ ఉరి తప్పించాడు. సారా వేక్‌ఫీల్డ్ అనే తెల్లామెనీ, ఆమె పిల్లల్నీ యుద్ధంలో కాపాడినవాడు. అయినా ఉరితీశారు. జైల్లో పేరు పిలిస్తే పలికాడు కాబట్టి. ఏ పేరు? చాస్కా. ఇంటికొక పెద్దోడు ఉండే చోట ఆ పేరుతో పిలిస్తే ఎవడు పలుకుతాడో పిలిచినవాళ్లకి పట్టలేదు. మీరు కూరగాయలకి వెళ్లే ఊరి పేరది, అందుకే చెప్పాను.

యుద్ధం చేయని సుమారు 1,600 మంది ఆడవాళ్లనీ పిల్లల్నీ ముసలివాళ్లనీ ఫోర్ట్ స్నెల్లింగ్ కింద నది ఒడ్డున కంచెలో పెట్టారు. వాళ్ల పుట్టుక స్థలంలోనే. ఆ చలికాలం 300 మంది దాకా పోయారని అంచనా. 1863లో ఒప్పందాలన్నీ రద్దు చేసి డకోటాల్ని రాష్ట్రం నుంచి వెళ్లగొట్టారు, తలలకి వెల కూడా కట్టారు. లిటిల్ క్రో ఆ ఏడాది జులైలో పొలాల్లో పళ్లు కోసుకుంటుంటే కాల్చి చంపారు, ఎముకలు ప్రదర్శనకి పెట్టారు, 1971లో గానీ ఆయన వంశం వాళ్లకి అంత్యక్రియలు చేసుకునే అవకాశం రాలేదు. కొన్ని కుటుంబాలు మెల్లగా తిరిగొచ్చి ఎకరం ఎకరం కొనుక్కున్నాయి. షాకోపీ కమ్యూనిటీకి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది 1969లో.

కాసినో సంగతి. 1970ల మొదట్లో లీచ్ లేక్ రిజర్వేషన్‌లో ఒక దంపతులకి వాళ్ల ట్రెయిలర్ ఇంటి మీద కౌంటీ పన్ను నోటీసు వచ్చింది, మొత్తం 147 డాలర్ల 95 సెంట్లు. కట్టనన్నారు. 1976లో సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా, రిజర్వేషన్ భూమి మీద రాష్ట్రానికి ఆ అధికారం లేదన్నారు. ఆ తర్కం మీదే తర్వాత రిజర్వేషన్లలో బింగో, కాసినోలు నిలబడ్డాయి, 1988లో చట్టం వచ్చింది. షాకోపీ వాళ్లు కొన్ని వందల మంది, పెద్ద నగరం పక్కన ఉన్నారు, బాగా సంపాదించారు, మిగతా నేషన్లకి విరాళాలు కూడా చాలానే ఇస్తారు. రెడ్ లేక్ వాళ్లు పది వేలకి పైనే, దగ్గర్లో సిటీ లేదు, పేదరికం ఉంది. కాబట్టి మీ ఆఫీసు ఆయన ఒక్క ఇంటిని చూసి ఊరంతా లెక్క కట్టాడు. కేంద్ర ఆదాయపు పన్ను వాళ్లూ కడతారు, కాసినో వాటా మీద కూడా. సొంత రిజర్వేషన్‌లో ఉంటూ అక్కడే సంపాదించే సభ్యులకి రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు, ఆదాయపు పన్నులో తేడా అంతవరకే. రెడ్ లేక్ భూమి మాత్రం ఎప్పుడూ విడివిడి పట్టాలుగా ముక్కలు కాలేదు, అంతా ఉమ్మడి, పోలీసు, కోర్టు వాళ్లవే, సొంత కారు నంబరు ప్లేట్లు దేశంలోని నేషన్లలో మొదట ఇచ్చుకున్నదీ వాళ్లే, 1974లో. పక్కనే వైట్ ఎర్త్ చూడండి, 1889 తర్వాత పట్టాలుగా పంచారు, కలప కంపెనీలూ బ్యాంకులూ ఊడ్చేశాయి, రిజర్వేషన్ లోపలి భూమిలో చాలా భాగం ఇప్పుడు వేరేవాళ్లది. ఉమ్మడి ఆస్తి పంచుకుంటే ఏమవుతుందో ఇంతకంటే పాఠం ఉండదు.

అమ్మానాన్నకి ఏం చూపించాలంటే, మొదట బ్డోటే, పైక్ ఐలాండ్ చివర రెండు నదులు కలిసే చోట నిలబడండి, పెద్దవాళ్లకి సంగమం అంటే వేరే వివరించక్కర్లేదు. ఫోర్ట్ స్నెల్లింగ్ పార్కులో ఆ కంచెలో పోయినవాళ్ల స్మారకం దగ్గర చెప్పులు విప్పక్కర్లేదు గానీ గట్టిగా మాట్లాడకండి. మీ ఇంటి దగ్గరే హోచోకటా టీ అని షాకోపీ వాళ్ల మ్యూజియం ఉంది, కాసినోకి వెళ్లేవాళ్లలో పదోవంతు మంది కూడా దాన్లోకి తొంగిచూడరని నా అనుమానం. మాంకేటోలో లైబ్రరీ ఎదురుగా చిన్న పార్కు, 38 పేర్లు రాసి ఉంటాయి. తర్వాత ఉత్తరాన మిల్ లాక్స్ మ్యూజియం. పావ్‌వావ్ (వాళ్ల పాటలు, నాట్యాల పండగ) దొరికితే తప్పక వెళ్లండి, సాధారణంగా అందరికీ ప్రవేశం ఉంటుంది, నాట్యం చేసేవాళ్లంతా వరసగా లోపలికి వచ్చే గ్రాండ్ ఎంట్రీ అప్పుడు లేచి నిలబడాలి, ఫోటో అడిగి తీయాలి, వాళ్ల బట్టల్ని వేషం అనకూడదు. అక్కడ ఒజిబ్వేల పెద్ద డ్రమ్ము మోగితే ఒకటి గుర్తు చేసుకోండి: 1870లలో సైనికుల నుంచి తప్పించుకుని సరస్సులో తామరాకుల కింద దాక్కున్న ఒక డకోటా స్త్రీకి కలలో కనిపించిన డ్రమ్ము అది, డకోటాలు దాన్ని ఒజిబ్వేలకి ఇచ్చి రాజీ చేసుకున్నారని రెండు వైపులా చెబుతారు.

వచ్చేటప్పుడు మనూమిన్ తెచ్చుకోండి. సూపర్ మార్కెట్లో నల్లగా నిగనిగలాడేది కాదు, అది మడుల్లో యంత్రాలతో పండించినది. "చేత్తో కోసినది" అని రాసి ఉన్న, గోధుమ రంగుది. ఆగస్టు చివర్లో ఒకళ్లు పడవ నెడుతుంటే ఇంకొకళ్లు ఒక కర్రతో కంకులు వంచి రెండో కర్రతో తట్టి రాలుస్తారు, తర్వాత వేయించి, తొక్కి, చేటలాంటి బర్చ్ బెరడు పళ్లెంలో చెరుగుతారు. మా అమ్మ ఒకసారి ఆ చెరగడం చూసి, వీళ్లకి ఇది ఎవరు నేర్పారు అంది. మన వరికి దూరపు చుట్టం, ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది. మడుల్లో పండినదానికైతే ముప్పావు గంట. మా ఇంట్లో పులిహోర చేస్తారు దాంతో, చింతపండు కాస్త తగ్గించండి.